ఒడ్డుకో స్టాంపు

1931లో సిరోంచా మనిషి కాళేశ్వరంలో ఉన్న చుట్టానికి ఉత్తరం రాయాలంటే అడ్డం ఉన్నది నది ఒక్కటే. పడవెక్కితే దాటేసే దూరం. తపాలా లెక్కలో మాత్రం అవి రెండు వేరువేరు రాజ్యాలు. ప్రాణహిత ఎడమ ఒడ్డున ఉన్న సిరోంచా బ్రిటిష్ వారి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, చాందా జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. అక్కడి కవరు మీద అయిదో జార్జి చక్రవర్తి తల ఉన్న స్టాంపు పడాలి. ఎదుటి ఒడ్డున, గోదావరీ ప్రాణహితా కలిసేచోట, కాళేశ్వరం నిజాం రాజ్యంలోని ఊరు. అక్కడ సొంత తపాలా, సొంత స్టాంపులు. నిజాం స్టాంపు చెల్లుబాటు నిజాం సరిహద్దు దాకానే. అవతలి ఒడ్డుకు పోవాల్సిన ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా స్టాంపే కావాలి. మాట్లాడే భాష రెండు ఒడ్లా తెలుగే, పెళ్లి సంబంధాలు రెండు ఒడ్లా ఉన్నవే, స్టాంపులు మాత్రం వేరు.

అదే ఏడాది రెండు ప్రభుత్వాలూ ఒకే పని చేశాయి. కొత్త ఢిల్లీ ప్రారంభోత్సవం పేరుతో బ్రిటిష్ ప్రభుత్వం ఫిబ్రవరిలో ఆరు స్టాంపుల వరస విడుదల చేసింది. బ్రిటిష్ ఇండియా వేసిన తొలి స్మారక స్టాంపులు ఇవే. అందులో అన్నిటికన్నా చవకైన పావు అణా స్టాంపు మీద ఢిల్లీ పురానా ఖిల్లా ఉంది. కొత్త రాజధాని కట్టామని చాటుకోవడానికి వేసిన వరసలో మొదటి బొమ్మ పాత పాలకుల కోటది కావడం గమనించదగ్గ ముచ్చట. ఎంతటి కోట కట్టినా ఏలేవాళ్లు మారక తప్పదని ఆ పావు అణా కాగితం పదహారేళ్ల ముందే చెప్పినట్టుంది. చెప్పాలన్న ఉద్దేశం మాత్రం వేసినవాళ్లకు ఉండి ఉండదు.

హైదరాబాద్ రాజ్యం కూడా 1931లోనే బొమ్మల స్టాంపులు తెచ్చింది. అణా మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాల మీద అజంతా గుహల ముఖద్వారం, పన్నెండణాల మీద బీదరు మదరసా, రూపాయి మీద దౌలతాబాద్ కోటలోని చాంద్ మినార్. అంతకు ముందు అరవై ఏళ్లుగా, అంటే 1869లో తొలి స్టాంపు వేసిన నాటి నుంచి, నిజాం స్టాంపుల మీద కనిపించింది ఎక్కువగా అక్షరాలూ అల్లికలే. ఉర్దూ, ఇంగ్లీషుతో పాటు తెలుగు, మరాఠీ లిపులకూ ఆ స్టాంపుల మీద చోటుండేది. ఆఫీసు ఉత్తరాల కోసం వాడే వాటి మీద ఉర్దూలో ‘సర్కారీ’ అని అదనంగా అచ్చువేసేవారు. అలా ఒకే ఏడాదిలో ప్రాణహితకు ఇటూ అటూ కోట స్టాంపుకెక్కింది.

కోటలూ నదులూ అంశంగా స్టాంపులు పోగుచేయాలనుకునేవారికి ఇంతకన్నా మంచి మొదలు దొరకదు. పాత తరంలో ఆల్బం అంటే దేశాలవారీ పేజీలు: ఇంగ్లండు, జపాన్, హంగరీ అంటూ దొరికినవన్నీ అతికించడం. ఇప్పుడు ఎక్కువమంది ఒక అంశం పట్టుకుని దాని వెంట నడుస్తున్నారు. పక్షులు, రైళ్లు, క్రికెట్, ఔషధ మొక్కలు, ఏదైనా కావచ్చు. స్టాంపుల సంఖ్యకన్నా వాటిని ఏ వరసలో పెట్టి ఏ కథ చెబుతున్నామన్నదే ఇక్కడ ముఖ్యం. సరిహద్దు ఊళ్లో పుట్టినవారికి ఆ కథ సగం సిద్ధంగా ఉన్నట్టే.

సిరోంచా కథ స్టాంపుకన్నా పాతది. ప్రాణహిత ఒడ్డున పాత కోట ఆనవాళ్లున్న ఈ ఊరు 1860 దాకా నిజాం ఏలుబడిలోనే ఉండేది. ఆ ఏడాది ఒప్పందంతో గోదావరికి ఎడమ వైపున్న తాలూకాలను నిజాం బ్రిటిష్ వారికి అప్పగించాడు. వాటితో అప్పర్ గోదావరి అనే జిల్లా ఏర్పడింది. దాని కేంద్రం సిరోంచా. ఈనాటి తెలుగు పాఠకులకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఏమిటంటే, భద్రాచలం కూడా అప్పుడు ఇదే జిల్లాలో ఉండేది. 1874లో ఆ జిల్లా రద్దయింది. భద్రాచలం వైపు తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు వెళ్లాయి, సిరోంచా చాందా జిల్లాలో కలిసింది. చాందా తర్వాత చంద్రపూర్ అయింది, దాన్ని చీల్చి 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా చేశారు. ఇప్పుడు సిరోంచా ఆ జిల్లాకు దక్షిణపు కొస. జిల్లా కేంద్రానికి పోవాలంటే అడవి దారిన సుమారు రెండు వందల కిలోమీటర్లు. తెలంగాణకు పోవాలంటే వంతెన దాటితే చాలు.

అంత మారుమూల ఊరికి అప్పట్లో జిల్లా కేంద్రం హోదా దక్కడానికి ఒక కారణం నది. గోదావరిని పడవల రహదారిగా మార్చి, నాగపూర్, బెరార్ ప్రాంతాల పత్తిని నీటి మీదే సముద్రం దాకా తేవాలన్నది సర్ ఆర్థర్ కాటన్ కల. మధ్యలో మూడు చోట్ల రాళ్ల అడ్డంకులు: దుమ్ముగూడెం దగ్గర ఒకటి, ఇంచంపల్లి దగ్గర ఇంకొకటి, ప్రాణహిత మీద దేవలమరి దగ్గర మూడోది. వాటిని దాటించేందుకు కాలువలు తవ్వారు, లాకులు కట్టారు. ఈలోగా రైలు వచ్చింది. ఖర్చు పెరిగింది. 1871లో పని ఆపేశారు. ఆ పథకం పోయాక మూడేళ్లకే జిల్లా కూడా పోయింది.

ఈ చరిత్రంతా స్టాంపులో ఎక్కడుంది అని అడిగితే, బొమ్మలో లేదు, ముద్రలో ఉంది. స్టాంపు మీద పోస్టాఫీసు వేసే గుండ్రటి ముద్ర ఏ ఊళ్లో, ఏ తేదీన ఆ ఉత్తరం బయల్దేరిందో చెబుతుంది. పాత కవరు మీద సిరోంచా ముద్రతో చక్రవర్తి స్టాంపు ఒక పేజీలో, అదే కాలపు నిజాం ముద్రతో చార్మినార్ స్టాంపు పక్క పేజీలో పెడితే, రెంటి మధ్యా ఉన్న తెల్లటి ఖాళీయే ప్రాణహిత. అందుకే అనుభవమున్నవాళ్లు పాత కవరు దొరికితే దాని మీంచి స్టాంపు ఊడదీయరు. ఊడదీసిన స్టాంపు వేలల్లో ఒకటి. ఊరి ముద్ర, చిరునామాతో సహా నిలిచిన కవరు ఒక్కటే ఒక్కటి.

నిజాం స్టాంపుల్లో కోటల ప్రేమికులు వదలకూడని వరస 1947కూ 1949కీ మధ్య వచ్చింది. ఒక అణా నాలుగు పైల స్టాంపు మీద హైదరాబాద్ విద్యుత్ కేంద్రం, మూడణాల మీద వరంగల్ కోటలోని కాకతీయ తోరణం, ఆరణాల మీద గోల్కొండ కోట. ఆ సంవత్సరాలు ఎలాంటివో తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఒకపక్క స్వతంత్రంగా ఉంటానని నిజాం పట్టుదల, ఇంకోపక్క తెలంగాణ పల్లెల్లో పోరాటం, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య. దేశంలో కలవని రాజ్యం తన స్టాంపు మీద తన రెండు మహా కోటలను పెట్టుకుంది. అందులో ఒకటి అసఫ్ జాహీల కంటే నాలుగైదు వందల ఏళ్లు ముందరి కాకతీయులది. అలా ఎంచుకోవడంలో రాజకీయం లేదనుకోవడం కష్టం. 1950లో హైదరాబాద్ తపాలా భారత తపాలాలో కలిసిపోయింది, ఆ స్టాంపుల చెల్లుబాటు ముగిసింది. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక రూపొందించిన రాష్ట్ర చిహ్నంలో కాకతీయ తోరణం, దాని లోపల చార్మినార్ ఉన్నాయి. 1931 నాటి అణా స్టాంపునూ 1947 నాటి మూడణాల స్టాంపునూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ చిహ్నం సగం అక్కడే కనిపిస్తుంది. ఆల్బం పేజీలో ఇలాంటి జోడీ పెట్టగలిగితే చూసేవాళ్లు ఒక్క నిమిషం ఆగుతారు.

స్వతంత్ర భారత స్టాంపుల్లో కోటలు మొదటి నుంచీ ఉన్నాయి. 1949 ఆగస్టు 15న వచ్చిన పురావస్తు వరసలో రూపాయి స్టాంపు మీద చిత్తోడ్‌గఢ్ విజయ స్తంభం, రెండు రూపాయల స్టాంపు మీద ఢిల్లీ ఎర్రకోట. ఈ వరస రోజువారీ వాడకానికి వేసినది కాబట్టి ఎన్నో ఏళ్లు కవర్ల మీద తిరిగింది. అచ్చంగా కోటల కోసమే వేసిన సెట్టు 1984 ఆగస్టు 3న వచ్చింది: గ్వాలియర్ 50 పైసలు, వేలూరు రూపాయి, సింహగఢ్ రూపాయిన్నర, జోధ్‌పూర్ రెండు రూపాయలు. దేశానికి నడుమ ఒకటి, దక్షిణాన ఒకటి, పడమట ఒకటి, ఎడారి అంచున ఒకటి. తూర్పు వైపు కోట ఒక్కటీ లేదు. చాందాలో, బల్లార్‌పూర్‌లో గోండు రాజులు కట్టిన కోటలకు, గడ్చిరోలి జిల్లాలోని వైరాగఢ్‌కు కూడా ఆ సెట్టులో చోటు దక్కలేదు.

సెట్టులోని వేలూరు కోటకు తెలుగు సంబంధం ఉంది. విజయనగరం పతనమయ్యాక అరవీటి వంశపు రాజులు పెనుగొండ, చంద్రగిరి, వేలూరు మార్చి మార్చి రాజధానులుగా ఏలారు. 1806 జులై 10న అదే కోటలో సిపాయిలు తిరగబడ్డారు. ఆ ఘటనకు రెండు వందల ఏళ్లు నిండినప్పుడు, 2006లో, ఇంకో స్టాంపు వచ్చింది. అంటే ఒక్క కోట రెండుసార్లు స్టాంపుకెక్కింది: ఒకసారి కట్టడంగా, ఒకసారి ఘటనగా. చంద్రగిరి వంతు 2002లో వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 31న ఆంధ్రప్రదేశ్ కోటలు అన్న పేరుతో గోల్కొండ, చంద్రగిరి రెండు స్టాంపులు విడుదలయ్యాయి. నిజాం ఆరణాల గోల్కొండ పక్కన భారత ప్రభుత్వపు గోల్కొండను పెట్టుకునే అవకాశం అలా దొరికింది. ఒకే రాతిగుట్ట, రెండు ప్రభుత్వాలు, మధ్యలో యాభై ఏళ్లకు పైగా కాలం. 2018 డిసెంబరులో రాజస్థాన్ కొండకోటలు ఆరింటికీ కలిపి ఒక సెట్టు వచ్చింది. చిత్తోడ్‌గఢ్ అందులోనూ ఉంది.

మహారాష్ట్ర వైపు నుంచి చూసేవారికి సింహగఢ్ ముఖ్యం. 1670లో తానాజీ మాలుసరే ప్రాణమిచ్చి గెలిచిన కోట అది. 2025 జులైలో మరాఠా సైనిక దుర్గాలు పన్నెండింటిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో పదకొండు మహారాష్ట్రలోవి, ఒకటి తమిళనాడులోని జింజి. స్టాంపు దక్కిన సింహగఢ్ ఆ పన్నెండింటిలో లేదు. తపాలా శాఖ లెక్క వేరు, యునెస్కో లెక్క వేరు. ఈ తేడా ఎందుకని వెతకబోతే కోటల గురించి పది పుస్తకాలు చదవాల్సి వస్తుంది. ఈ సరదాలో ఉన్న లాభమూ ప్రమాదమూ అదే.

కోటలను స్టాంపుల్లో పట్టుకోవడం తేలిక. కదలవు, పేరు రాసి ఉంటుంది, బొమ్మ చూడగానే గుర్తుపట్టవచ్చు. నదులతోనే చిక్కంతా. నది పేరు పైకి చెప్పుకోకుండా వంతెన కింద, ఆనకట్ట వెనక, పడవ పక్కన పారుతూ ఉంటుంది. 1960ల్లో వచ్చిన అయిదు రూపాయల భాక్రా డ్యామ్ స్టాంపును చూసేవాడికి కాంక్రీటు గోడ కనిపిస్తుంది, నదిని ప్రేమించేవాడికి సట్లెజ్ కనిపించాలి. 2007లో వచ్చిన పేరొందిన వంతెనల సెట్టులో హౌరా వంతెన, విద్యాసాగర్ సేతు రెండూ హుగ్లీ మీదివి, పట్నా మహాత్మాగాంధీ సేతు గంగ మీదిది. నాలుగోది పాంబన్ సముద్రం మీద ఉంది కాబట్టి నదుల ఆల్బంలో దానికి చోటు లేదు. ఇలా ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చుకోవడంలోనే సేకరించేవాడి పనితనం బయటపడుతుంది.

నిజాం నాలుగణాల ఉస్మాన్‌సాగర్ స్టాంపును చాలామంది చెరువు బొమ్మగా దాటేస్తారు. నిజానికి అది మూసీ కథ. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది, వేలమంది చనిపోయారు. వరద మళ్లీ రాకుండా ఏం చేయాలో చెప్పమని మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన జలాశయాలు కట్టాలన్నది ఆయన సలహా. ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. పదకొండేళ్లకు స్టాంపు మీదికి వచ్చింది. 2022 జులైలో గోదావరి, ప్రాణహిత పొంగి సిరోంచా తాలూకా ఊళ్లు నీళ్లలో చిక్కుకున్న రోజులను చూసినవారికి ఆ నాలుగణాల బొమ్మలో ప్రశాంతంగా ఉన్న నీళ్లు వేరుగా కనిపిస్తాయి.

నదినీ కోటనూ ఒకే సెట్టులో ఇమిడ్చిన దేశం ఈజిప్టు. 1914లో ఆ దేశం వేసిన పది స్టాంపుల వరసలో మొదటిదైన ఒక మిల్లీమ్ మీద నైలు నదిలో తెరచాప పడవలు, నడుమ యాభై మీద కైరో కోట, చివరిదైన రెండు వందల మీద అస్వాన్ ఆనకట్ట. పడవతో మొదలై ఆనకట్టతో ముగిసే ఆ వరసలో మధ్యలో పిరమిడ్లు, స్ఫింక్స్, అబూ సింబెల్ రాతి గుడి. ఆ తర్వాత యాభై ఏళ్లకు అస్వాన్ దగ్గర ఇంకా పెద్ద ఆనకట్ట లేచింది. మునిగిపోయే అబూ సింబెల్‌ను ముక్కలుగా కోసి ఎత్తుకు తరలించారు. తెలుగువారికి ఇది కొత్త కథ కాదు. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందే నాగార్జునకొండ శిథిలాలను తవ్వి పైకి చేర్చిన కాలం కూడా దాదాపు అదే.

కోటల విషయంలో బ్రిటన్ 1955లో నాలుగు పెద్ద విలువల స్టాంపులు తెచ్చింది. రెండున్నర షిల్లింగుల మీద ఉత్తర ఐర్లండు కోట కారిక్‌ఫెర్గస్, అయిదు షిల్లింగుల మీద వేల్స్ కోట కార్నార్వన్, పది మీద స్కాట్లండు ఎడిన్‌బరో, పౌను మీద ఇంగ్లండు విండ్సర్. నాలుగు భాగాలకు నాలుగు కోటలు, పెద్ద విలువ మాత్రం ఇంగ్లండుకే. పక్కన కొత్త రాణి ఎలిజబెత్ బొమ్మ. 1984 భారత సెట్టు పక్కన దీన్ని పెట్టి చూస్తే స్టాంపు ఎంపికలో సమతూకం పాటించడానికి ప్రభుత్వాలు ఎంత జాగ్రత్త పడతాయో, ఎక్కడ తప్పిపోతాయో తెలుస్తుంది.

నది దాటిన ఉత్తరాల్లో అన్నిటికన్నా పేరు తెచ్చుకున్నవి మన దేశానివే. 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్‌లో ఓ ప్రదర్శన జరుగుతుండగా ఆన్రీ పెకే అనే ఫ్రెంచి యువకుడు చిన్న విమానంలో సుమారు 6,500 ఉత్తరాలు పెట్టుకుని యమునను దాటి నైనీలో దిగాడు. ప్రపంచంలో అధికారికంగా జరిగిన తొలి విమాన తపాలా అదే. దూరం పది కిలోమీటర్ల లోపే. ఆ ఉత్తరాల కోసం ప్రత్యేకంగా ఒక ముద్ర చేయించారు. 1961లో యాభై ఏళ్ల సందర్భానికి భారత తపాలా శాఖ మూడు స్టాంపులు వేసింది. సంగమం పక్కనే ఉన్న అక్బరు కోటను కూడా లెక్కలోకి తీసుకుంటే కోట, నది, తపాలా మూడూ ఒక్కచోట కలిసిన సందర్భం అది.

ప్రాణహిత ఒడ్డున కూడా తపాలా చరిత్రకు సంబంధించిన ఒక ఘటన ఉంది, అది అంత సరదా అయినది కాదు. 1858లో అహేరి ప్రాంతపు గోండు జమీందారు బాబురావు శేడ్మాకే బ్రిటిష్ వారి మీద తిరగబడ్డాడు. ఆ ఏడాది ఏప్రిల్ 29న ప్రాణహిత తీరాన చించ్‌గుండి దగ్గర విడిది చేసిన టెలిగ్రాఫ్ శాఖ ఉద్యోగులు గార్ట్‌లాండ్, హాల్ తిరుగుబాటుదారుల చేతిలో చనిపోయారు. తీగలు లాగే మనుషుల మీద అంత కోపం ఎందుకన్నది ఊహించడం కష్టం కాదు. తిరుగుబాటు కబురు క్షణాల్లో తెల్లదొరలకు చేరేది ఆ తీగల మీదుగానే. బాబురావును పట్టుకుని 1858 అక్టోబరు 21న చాందాలో ఉరితీశారు. తపాలా, టెలిగ్రాఫ్ శాఖలు తర్వాత ఒక్కటయ్యాయి, 1985లో మళ్లీ విడిపోయాయి, టెలిగ్రామ్ సేవ 2013 జులైలో ముగిసింది. ఆ తపాలా శాఖే బాబురావు శేడ్మాకే బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. సిరోంచా, అహేరి వైపు ఎవరైనా సొంత ప్రాంతపు ఆల్బం మొదలుపెడితే మొదటి పేజీ దీనిదే కావాలి. కోట బొమ్మ లేకపోయినా కోటలు కట్టిన గోండు రాజుల జాతి మనిషి ఆయన.

స్టాంపుల వేటలో డబ్బు ఉన్నవాళ్లదే పైచేయి అనుకోవడం పొరపాటు. పోస్టుకార్డు ధర 50 పైసలు. 2022లో ఏప్రిల్ 13 నుంచి 24 వరకు ప్రాణహిత పుష్కరాలు జరిగినప్పుడు సిరోంచా ఘాటులోనూ కాళేశ్వరం ఘాటులోనూ జనం మునిగారు. ఆ పన్నెండు రోజుల్లో ఏదో ఒక రోజు రెండు ఒడ్ల పోస్టాఫీసుల నుంచీ చెరో కార్డు తన చిరునామాకే వేసుకున్నవాడికి రూపాయి ఖర్చుతో రెండు తేదీ ముద్రలు దక్కాయి. ఇక వాటిని ఎప్పటికీ మళ్లీ తయారుచేయలేరు. పెద్ద ఉత్సవాలకు, స్థానిక విశేషాలకు తపాలా శాఖ ప్రత్యేక కవర్లు, ప్రత్యేక ముద్రలు వేస్తుంటుంది. స్టాంపు విడుదలైన రోజున ముద్ర వేసి ఇచ్చేది ఫస్ట్ డే కవరు. స్టాంపు పాతదే అయినా కవరూ ముద్రా కొత్తవైతే అది ప్రత్యేక కవరు. ఈ రెండింటినీ కలగాపులగం చేసి అమ్మేవాళ్లు ఉంటారు కనుక తేడా తెలిసి ఉండడం మంచిది.

పిన్‌కోడు కూడా సేకరణలో భాగమే. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ ఆరు అంకెల పద్ధతి శ్రీరామ్ భికాజీ వేలణ్‌కర్ ఆలోచన. మొదటి అంకె ప్రాంతాన్ని చెబుతుంది. సిరోంచా పిన్‌కోడు 4తో మొదలవుతుంది, కాళేశ్వరం వైపు పిన్‌కోడు 5తో. ఒకటి మహారాష్ట్ర తపాలా సర్కిల్, రెండోది తెలంగాణ తపాలా సర్కిల్. వంతెన మీద బస్సులో నిమిషాల్లో దాటే దూరానికి ఉత్తరం రెండు సర్కిళ్ల లెక్కల గుండా పోవాల్సిందే. నిజాం పోయాడు, చక్రవర్తి పోయాడు, తపాలా సరిహద్దు మాత్రం నది మధ్యనే ఉండిపోయింది.

కొత్తవారికి కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. స్టాంపును చేత్తో పట్టుకోకూడదు, వేళ్ల చెమట జిగురుకూ రంగుకూ పగ. మొన చదునుగా ఉన్న ట్వీజర్లు వాడాలి. మామూలు కాగితపు కవరు మీది స్టాంపు కావాలంటే చుట్టూ కాస్త కాగితం వదిలి కత్తిరించి, చల్లటి నీళ్లలో నానబెడితే దానంతట అదే జారుతుంది. తర్వాత తెల్లకాగితాల మధ్య ఆరబెట్టాలి. సెల్లోటేపు, ఫెవికాల్ ఆల్బం దరిదాపులకు రాకూడదు. సిరోంచా లాంటి చోట ఎండాకాలపు వేడి ఒక ఎత్తు, వానాకాలపు తేమ ఇంకో ఎత్తు. తేమకు స్టాంపుల మీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి, ఒకసారి లేస్తే పోవు. ఆల్బంను పడుకోబెట్టకుండా నిలబెట్టి ఉంచాలి, అప్పుడప్పుడూ గాలి తగలనివ్వాలి, పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేయాలి. ఇంకో మాట: వేడుకగా కనిపించే రంగురంగుల విదేశీ కోటల స్టాంపులు కొన్ని అసలు తపాలాకు వాడనివే ఉంటాయి, సేకరించేవాళ్ల జేబు కోసమే అచ్చువేసినవి. జిగురు కూడా చెక్కుచెదరకుండా ముద్ర మాత్రం మూలన చక్కగా పడి ఉంటే అనుమానించాలి.

బడి పిల్లలకు ఈ సరదా చదువుకు కూడా పనికొస్తుంది. తపాలా శాఖ 2017లో దీన్ దయాళ్ స్పర్శ్ యోజన పేరుతో స్టాంపులు సేకరించే విద్యార్థులకు ఉపకార వేతనం మొదలుపెట్టింది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివేవారికి నెలకు 500 రూపాయల చొప్పున ఏడాదికి 6,000. దేశమంతటా కలిపి 920. బడిలో స్టాంపుల క్లబ్బు ఉండాలి, లేదా విద్యార్థికి తపాలా శాఖలో ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) డిపాజిట్ ఖాతా ఉండాలి. ముందు రాత క్విజ్ ఉంటుంది, అందులో నెగ్గినవాళ్లు నాలుగైదు పేజీల ప్రాజెక్టు చేయాలి, అందులో స్టాంపులు పదహారుకు మించకూడదు.

పదహారు స్టాంపుల్లో ప్రాణహిత సరిహద్దును చెప్పాలంటే ఎంపిక కష్టమేమీ కాదు. పురానా ఖిల్లా పావు అణా, చార్మినార్ అణా, ఉస్మాన్‌సాగర్ నాలుగణాలు, కాకతీయ తోరణం, నిజాం గోల్కొండ, 1949 ఎర్రకోట, 1984 కోటలు నాలుగూ, 2002 జోడీ రెండు, భాక్రా, హౌరా, 1961 విమాన తపాలా ఒకటి, బాబురావు శేడ్మాకే. సరిగ్గా పదహారు. దౌలతాబాద్ చాంద్ మినార్ రూపాయి స్టాంపు దొరికితే దేన్ని తీసేయాలో ఆలోచించుకోవాలి. పాతవాటి కోసం డీలర్ల దగ్గరా స్టాంపుల ప్రదర్శనల్లోనూ వెతకాలి. కొత్తగా వచ్చేవాటి కోసం హైదరాబాద్ అబిడ్స్ జీపీఓలోనో నాగపూర్ జీపీఓలోనో ఉన్న ఫిలాటెలీ బ్యూరోలో 200 రూపాయలతో ఖాతా తెరిస్తే, ఏ ఒడ్డున ఉన్నా స్టాంపులు పోస్టులోనే ఇంటికి వస్తాయి.